గద్దా, ఉప్పెనా, సింగిల్ లైనూ

సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ వైపు పోయే రైలు మార్గంలో మనోహరాబాద్ ఇప్పుడు జంక్షన్. కొత్తపల్లి దాకా వేస్తున్న 151 కిలోమీటర్ల కొత్త లైను ఇక్కడే చీలుతుంది, 2023 అక్టోబరు నుంచి సిద్దిపేట బండ్లు దాని మీదే నడుస్తున్నాయి. కాబట్టి ఎక్కిన బండి ఏ పట్టాల మీదికి మళ్లుతుందో కనుక్కోకుండా కూర్చుంటే ఏమవుతుందో ఈ ఊరివారికి వేరే చెప్పనక్కరలేదు. జపాన్‌లోని కామకురా చూడబోయే పరదేశీయుల రోజు తరచుగా ఇటువంటి చీలిక దగ్గరే మొదటి దెబ్బ తింటుంది. టోక్యోలోని షిన్‌జుకు స్టేషన్ మీదుగా వచ్చే షోనాన్-షిన్‌జుకు బండ్లన్నిటిదీ ఒకే పేరు అయినా, జుషి వైపు పోయేవి మాత్రమే కామకురాలో ఆగుతాయి, ఒదవారా వైపు పోయేవి ఓఫునా దాటగానే వేరే దారి పడతాయి.

టోక్యోకు నైరుతి దిక్కున సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, సగామి అఖాతం ఒడ్డున ఉన్న ఈ పట్టణం 12వ శతాబ్ది చివర మినమోతో నో యోరితోమో స్థాపించిన షోగన్ ప్రభుత్వానికి, అంటే చక్రవర్తి పేరిట సేనాధిపతి సాగించే పాలనకు కేంద్రమై, 1333 వరకు ఆ హోదాలో నిలిచింది. మూడు వైపుల కొండలు, నాలుగో వైపు సముద్రం ఉండడంతో శత్రుసేనకు లోపలికి రావడం కష్టమని యోరితోమో కాలపు యోధులు దీన్ని మెచ్చుకున్నారు. శత్రువును ఆపిన ఆ ఇరుకే నేడు యాత్రికుణ్నీ ఆపుతున్నది. ఫుజిసావా నుంచి కామకురాకు నడిచే ఎనోదెన్ అనే చిన్న రైలు 1902లో మొదలైనది. దాని నిడివి 10 కిలోమీటర్లు, స్టేషన్లు 15, పెట్టెలు నాలుగుకు మించవు, లైను ఒక్కటే. ఎదురుబండి వచ్చేదాకా స్టేషన్‌లో నిలబడే క్రాసింగ్ పద్ధతి అక్కడా ఉన్నది కనుక, రద్దీ ఎంత పెరిగినా బండ్లను ఇష్టం వచ్చినట్టు పెంచడం కుదరదు. మే నెల మొదటి వారపు వరుస సెలవుల్లో ప్లాట్‌ఫారం చేరడానికే బారులు తీరవలసి రావడం, స్థానికులను ముందుగా లోపలికి పంపే ప్రయోగాలు కూడా జరగడం ఈ కారణం వల్లనే.

ఆలస్యానికి విసిగి, కొమాచి వీధిలో కొన్న తినుబండారం చేతపట్టుకుని యుయిగహమా ఇసుకతీరానికి నడిచినవారికి అక్కడ గద్ద కాచుకుని ఉంటుంది. జపనీయులు తొంబి అని పిలిచే ఈ పక్షి మన చెరువుల మీద, సంతల మీద గిరికీలు కొట్టే నల్లగద్ద జాతిదే. అది ఎదుటి నుంచి రాదు. వెనుక నుంచి, రెక్క ఆడించిన చప్పుడైనా లేకుండా భుజం పక్కగా జారి, వేళ్ల మధ్య ఉన్నదాన్ని కాళ్లతో లాక్కుని పైకి లేస్తుంది, తిరిగి చూసేసరికి చేతిలో నూనె మరకల కాగితం ఒక్కటే మిగిలి ఉంటుంది. గద్ద తన్నుకుపోవడం తెలుగులో మాటవరసకు అనేది; అక్కడ దానికి హెచ్చరిక బోర్డులే ఉన్నాయి. రద్దీ వీధుల్లో నడుస్తూ తినడం మానుకోవాలని 2019లో పట్టణం ఒక నిబంధన కూడా తెచ్చింది. దానికి జరిమానా లేదు. గద్ద ఉండగా జరిమానా ఎందుకు?

కోతోకుయిన్ ఆలయంలోని మహాబుద్ధుడు 11 మీటర్లకు పైగా ఎత్తున్న కంచు అమితాభ విగ్రహం, 1252లో పోత మొదలైనట్టు చెబుతారు. లోపల బోలుగా ఉండే ఈ విగ్రహం గర్భంలోకి వెళ్లి పోత అతుకులు చూడవచ్చు కానీ, ఆ చిన్న తలుపు ఆలయద్వారం కన్నా ముందే, సాయంత్రం నాలుగున్నరకే మూసేస్తారు. దీపాల వేళ దర్శనానికి అలవాటుపడిన మనవారు వెలుపలే నిలబడిపోయేది ఇందువల్ల. విగ్రహం మీద కప్పులేకపోవడమూ పాత ప్రమాద ఫలితమే. 1498 నాటి సునామీ ఆలయమండపాన్ని తుడిచిపెట్టిందని ప్రసిద్ధి. అయితే 1486లోనే ఇక్కడికి వచ్చిన ఒక జెన్ సన్యాసి విగ్రహం ఆరుబయట ఉందని రాశాడు గనుక, నేరమంతా ఉప్పెన మీద మోపడం న్యాయంగా తోచదు, 14వ శతాబ్దపు గాలివానల వాటా అందులో పెద్దదే అయి ఉండాలి. సునామీ అంటే జపనీయంలో రేవు అల అని అర్థం. 2004 డిసెంబరు 26 తరువాత ఆ మాట మన కోస్తావారికీ ఇంటిమాట అయింది.

ఇక చివరి మజిలీ ఎనోషిమా, వంతెన దాటి చేరే చిన్న దీవి. దాని కొసన ఉన్న ఇవాయా గుహలను సముద్రం పోటెత్తితే మూసేస్తారు, ఆ సంగతి వందల మెట్లు ఎక్కి దిగిన తరువాత తెలిసేవారే ఎక్కువ. వెనుదిరిగే దారిలో ఎనిమిది మూలల చిన్న మందిరం ఒకటి ఉన్నది. అందులోని బెంజైతెన్ మన సరస్వతే. బౌద్ధగ్రంథాల వెంట చైనా మీదుగా జపాన్ చేరి, నీటికీ సంగీతానికీ దేవతగా నిలిచింది. మనోహరాబాద్ మీదుగా పోయే బండి నిజామాబాద్ దాటాక ఆగే బాసరలో వీణ పట్టిన అమ్మవారు, ఇక్కడ బివా అనే పొట్టి మెడ తంత్రీవాద్యాన్ని ఒడిలో ఏటవాలుగా పట్టుకుని కూర్చుని ఉంటుంది.