ఎక్స్‌రేలో సైడ్‌బోన్ ఉందట, గుర్రాన్ని కొనొచ్చా?

పోయిన ఎపిసోడ్ విన్నాక మన ఆడమ్స్‌టౌన్‌లోనే ఉండే ఒకావిడ అడిగారు: "పాప కోసం ఐరిష్ డ్రాఫ్ట్ గుర్రం చూశామండీ. ఎక్స్‌రేలో ముందుకాళ్లకి సైడ్‌బోన్ ఉందన్నారు. వదిలేయాలా?"

మన చెవి దొప్ప వంచి వదిలితే లేస్తుంది కదా. గుర్రం గిట్టలో మడమవైపు ఇరుపక్కలా అలాంటి కార్టిలేజ్ రేకులుంటాయి. అడుగు పడ్డప్పుడు అదురుని తట్టుకోవడంలో వీటికీ పాత్ర ఉంది. గిట్ట పైఅంచున, వెంట్రుకలు మొదలయ్యేచోట బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి పోతుంది. ఆ రేకు కింది నుంచి పైకి ఎముకగా మారుతూ వస్తే అదే సైడ్‌బోన్. అప్పుడు నొక్కితే రాయిలా తగులుతుంది. బరువైన జాతుల్లో, అదీ ముందుకాళ్లలో ఎక్కువ. ఐరిష్ డ్రాఫ్ట్ అంటే పొలం దున్నిన జాతి (స్టడ్‌బుక్ 1917లోనే మొదలైంది), కాబట్టి నాకైతే ఆశ్చర్యం లేదు.

చాలా గుర్రాలకి దీనివల్ల కుంటు రాదు. నిజంగా కుంటుతుంటే వెట్ నరానికి మత్తిచ్చి నొప్పి ఎక్కడుందో వెతుకుతారు. చాలాసార్లు కారణం ఇంకోచోట దొరుకుతుంది. కానీ ఎముక బాగా పైదాకా పెరిగినా, ఒకపక్కే ఎక్కువైనా, విరిగినా తేలిగ్గా తీసుకోవద్దు. గిట్ట రెండుపక్కలా సమంగా చెక్కారో లేదో కూడా చూడాలి, చాలామంది ఇది వదిలేస్తారు.

ఆవిడకి చెప్పిందిదే: గట్టినేల మీద నేరుగానూ, చిన్న గుండ్రంలోనూ పరిగెత్తించి చూడమనండి. పాప జంపింగ్ పోటీలకి వెళ్తుందా, వారాంతం సరదాకా అన్నది వెట్‌కి ముందే చెప్పండి. ధర మాత్రం బేరమాడండి, రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాళ్లూ ఇదే అడుగుతారు.