ఏసీ పని నేర్చుకున్నారు సరే.. మొదటి ఇంటికి రేటు ఎంత చెప్పాలి?

ఐటీఐలో రెండేళ్ల ఏసీ కోర్సు పూర్తి చేసినవాళ్లయినా, ఉస్తాద్ వెంట నిచ్చెన మోస్తూ పని నేర్చుకున్నవాళ్లయినా సొంతంగా దిగిన రోజు ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతారు. ఫోన్‌లో కస్టమర్ అడుగుతాడు, "సర్వీస్‌కి ఎంత భాయ్?" అని. గ్యాస్ లీకేజీ ఎక్కడుందో పట్టుకోగలిగే కుర్రాడు కూడా ఈ మాటకు తడబడతాడు. గల్లీలో ఇంకొకరు రూ.400 తీసుకుంటున్నారని విని ఉంటాడు. తాను కొత్త కాబట్టి రూ.300 ఇస్తే చాలంటాడు.

ఈ రూ.300 వెనక లెక్కేమీ లేదు. పని చేజారిపోతుందేమోనన్న భయమే ఉంది. చాలా ఇళ్లలో ఈ టూల్స్ కొనడానికి అమ్మీ గాజులు బ్యాంకులో కుదువ పెట్టి ఉంటారు. కొడుకు పొద్దున పోయి రాత్రికి వస్తున్నాడు, చేతినిండా పని ఉంది, అయినా గాజులు విడిపించే డబ్బు మిగలడం లేదంటే లోపం కష్టంలో లేదు. రేటులో ఉంది.

పక్కవాడి రేటు నుంచి కిందికి దిగడం మానేసి, సొంత ఖర్చు నుంచి పైకి లెక్క వేయాలి. ఒక ఉదాహరణ చూద్దాం. ఇందులోని అంకెలు లెక్క తెలియడానికే, ఎవరివి వాళ్లు మార్చుకోవాలి.

ఇంటికి నెలకు రూ.18,000 ఇవ్వాలనుకుంటే ఏడాదికి రూ.2,16,000. వాక్యూమ్ పంపు, గేజ్ సెట్, ఫ్లేరింగ్ టూల్, క్లాంప్ మీటర్, డ్రిల్ మిషన్, జెట్ పంపు, నిచ్చెన అన్నీ కలిపి రూ.45,000 అయ్యాయనుకుందాం. అవి మూడేళ్లు పనికొస్తే ఏడాదికి రూ.15,000 అరిగిపోయినట్టే. కామర్స్ చదివినవాళ్లు దీన్నే తరుగుదల అంటారు. కొత్త మెకానిక్‌లలో దాదాపు ఎవరూ లెక్కలోకి తీసుకోని ఖర్చు ఇదే. డబ్బు ఒకేసారి పోయింది కదా, ఇక లేదనుకుంటారు. మూడేళ్లకు పంపు చెడిపోతే మళ్లీ అప్పు. బండి పెట్రోలు, సర్వీసింగ్ నెలకు రూ.4,000 చొప్పున ఏడాదికి రూ.48,000. ఫోన్‌కు రూ.4,000. బ్రేజింగ్ రాడ్లు, డ్రిల్ బిట్లు, టేపు, కాయిల్ క్లీనర్ లాంటి చిల్లర ఖర్చు నెలకు వెయ్యి, అంటే రూ.12,000. ఈ ఖర్చులన్నీ రూ.79,000. ఇంటి డబ్బుతో కలిపితే ఏడాదికి రూ.2,95,000 రావాలి.

ఇప్పుడు పనులు లెక్కపెట్టాలి. ఏసీ పని పన్నెండు నెలలూ ఒకేలా ఉండదు. మార్చి నుంచి జూన్ వరకు ఫోన్ మోగుతూనే ఉంటుంది, వాన పడగానే మూగబోతుంది. సీజన్ నాలుగు నెలలు, నెలకు 25 రోజులు, రోజుకు మూడు పనులు అంటే 300. మిగతా ఎనిమిది నెలలు, నెలకు 22 రోజులు, రోజుకు ఒకటి చొప్పున 176. మొత్తం 476. ఇందులో పైసా రానివి కూడా ఉంటాయి. చేసిన పనే మళ్లీ చెడి తిరిగి వెళ్లాల్సినవి, తాళం వేసి ఉన్న ఇళ్లు, "మళ్లీ పిలుస్తాం" అని పంపేసినవి. అవి తీసేస్తే 450 అనుకోవచ్చు. 2025లోలా రమ్‌జాన్ మార్చిలో వచ్చిన ఏడాది ఇంకొన్ని తగ్గించుకోవాలి. రోజా ఉండి ఎండలో డాబా మీద మూడు ఔట్‌డోర్ యూనిట్లు కడగడం అందరి వల్లా కాదు.

రూ.2,95,000ను 450తో భాగిస్తే దాదాపు రూ.655 వస్తుంది. మెటీరియల్ కాకుండా ఒక్కో పనికి సగటున రావాల్సిన మజూరీ అది. 300 సర్వీసులు రూ.500 చొప్పున, మిగతా 150 పనులు అంటే బిగింపు, రిపేరు, గ్యాస్ లాంటివి సగటున రూ.1,000 చొప్పున చేస్తే రూ.3,00,000 వస్తుంది. సరిపోతుంది. అదే అన్నీ రూ.300కే చేస్తే వచ్చేది రూ.1,35,000. ఖర్చు రూ.79,000 పోతే మిగిలేది రూ.56,000, నెలకు రూ.4,700 కూడా కాదు. దానికంటే ఉస్తాద్ దగ్గర హెల్పర్‌గా ఉండటమే నయం.

కొత్తవాళ్లకు చేయి తిరగలేదు, అందుకని తక్కువ తీసుకోవాలి కదా అని కొందరంటారు. ఇందులో సగం నిజముంది. అనుభవం ఉన్న మనిషి గంటలో ముగించే సర్వీస్‌కు కొత్త కుర్రాడికి రెండున్నర గంటలు పట్టొచ్చు. ఆ అదనపు గంటన్నర ఖర్చు కస్టమర్ మీద వేయకూడదు. అందుకే గంటల లెక్క వద్దు, పనికి ఇంత అని చెప్పాలి. నేర్చుకునే టైమ్ మెకానిక్ ఖాతాలోకి పోతుంది, పని ధర మాత్రం పని ధరే. చేయి తిరిగేకొద్దీ అదే రేటుకు రోజుకు రెండు పనుల చోట మూడవుతాయి.

మొదట్లో పేరు రావడానికి తగ్గించాలనిపిస్తే తగ్గించొచ్చు. అయితే దాన్ని తగ్గింపుగానే చూపించాలి. "సర్వీస్ రూ.500. కొత్తగా మొదలుపెట్టాను కాబట్టి మొదటి పది ఇళ్లకు రూ.400" అని చెబితే కస్టమర్ మనసులో రూ.500 నిలుస్తుంది. ఉత్తినే రూ.400 అంటే మరుసటి ఏడాది వంద పెంచినప్పుడు మోసం చేసినట్టు చూస్తారు. అతను ఇంకో నలుగురికి చెప్పేది కూడా ఆ రూ.400 మాటే.

చుట్టాల సంగతి వేరు. మామూ ఇంట్లో, ఖాలా ఇంట్లో బిల్లు ఇవ్వడం మన దగ్గర కుదరని పని. అడిగితే "ఇంట్లో పిల్లాడివి, డబ్బులడుగుతావా?" అంటారు. కనీసం మెటీరియల్ డబ్బు మాత్రం తప్పకుండా తీసుకోవాలి. మజూరీ వదిలేసినా కాగితం మీద రూ.500 రాసి, కింద "మాఫ్" అని రాసివ్వడం మంచిది. ఆ ఖాలాయే రేపు పక్కింటివాళ్లకు నంబర్ ఇచ్చేటప్పుడు రేటు కూడా సరిగ్గా చెబుతుంది.

గ్యాస్ విషయంలో చౌక రేటు ఎక్కువ నష్టం చేస్తుంది. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతకడం, బ్రేజింగ్, వాక్యూమ్ లాగడం, యూనిట్ మీద రాసిన బరువు ప్రకారం నింపడం, ఇదంతా కలిపితేనే ఒక పని. తక్కువకు ఒప్పుకున్న మెకానిక్‌కు ఇంత టైమ్ గిట్టదు, గ్యాస్ కొట్టి వెళ్లిపోతాడు. రెండు నెలల్లో మళ్లీ ఫోన్ వస్తుంది. ఈసారి ఉచితంగా వెళ్లాలి, లేదా పేరు పోగొట్టుకోవాలి. పైగా ఇప్పుడు చాలా ఏసీల్లో వచ్చే ఆర్-32 గ్యాస్‌కు నిప్పంటుకునే గుణం కొంత ఉంది. హడావిడిగా చేసే పని కాదది.

మూడో అంతస్తు గోడకు ఔట్‌డోర్ యూనిట్ బిగించాలన్నా అంతే. ఆ పనికి ఇద్దరు కావాలి, బెల్టు, తాడు కావాలి. హెల్పర్ కూలి రేటులో కలపకపోతే కుర్రాడు ఒక్కడే కిటికీ దాటి సజ్జా మీదికి దిగుతాడు. బెల్టుకు, రెండో మనిషికి డబ్బు రాని పనిని వదిలేసుకోవడమే మంచిదని ఇంట్లో పెద్దలు కూడా గట్టిగా చెప్పాలి.

రాగి పైపు, వైరు, స్టాండు లాంటివాటి ధర వేరుగా, మజూరీ వేరుగా చెప్పాలి. పైపు అడుగుల్లో లెక్కిస్తారు, కొలిచి కస్టమర్‌కు చూపించాలి. షాపు బిల్లు అతని చేతికిస్తే అనుమానానికి చోటుండదు. మెటీరియల్ డబ్బు ముందే తీసుకోవాలి. జేబులోంచి పెట్టి పనిచేస్తే అది ఉధార్ అవుతుంది, ఉధార్ వసూలుకు తిరగడం ఇంకో డ్యూటీ. చూసి వచ్చినందుకు విజిటింగ్ చార్జి పెట్టుకుని, పని ఇస్తే బిల్లులో తీసేస్తామని ఫోన్‌లోనే చెప్పాలి. ఉజ్రత్ ఎంతో పనికి ముందే తేలాలన్నది మన దీన్‌లోనూ ఉన్న నియమమే. ఇప్పుడు దానికి వాట్సాప్‌లో రెండు లైన్లు చాలు: ఏ పని, ఎంత, మెటీరియల్ ఎవరిది, ఎన్ని రోజులు గ్యారంటీ.

జీఎస్టీ గురించి భయపడాల్సిన పని లేదు. సర్వీసులకు ఏడాది టర్నోవర్ రూ.20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ అవసరం. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో జీఎస్టీ వసూలు చేయడం మాత్రం తప్పు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరికీ వెయ్యి రూపాయలు ఇవ్వనక్కర్లేదు.

ఏసీ అమ్మే షాపులు బిగింపు పనులు ఇస్తాయి, రేటు తక్కువ కడతాయి. ఖాళీ నెలల్లో అది మంచి ఆధారమే. సీజన్‌లో రోజంతా వాళ్లకే ఇచ్చేస్తే సొంత కస్టమర్లు ఏర్పడరు.

"పక్కవాడు రూ.300కే చేస్తానన్నాడు" అనే మాట ఎలాగూ వస్తుంది. వాదన వద్దు. తన రేటులో ఏమేం వస్తాయో చెప్పాలి. ఇండోర్, ఔట్‌డోర్ రెండూ కడగడం, డ్రెయిన్ పైపు శుభ్రం, ఆంప్స్ చూసి చెప్పడం, నెల రోజుల్లో సమస్య వస్తే మళ్లీ రావడం. ఇంకా తగ్గించమంటే పని తగ్గించి రేటు తగ్గించొచ్చు, ఫిల్టర్లు, ఇండోర్ మాత్రమే రూ.300 అని. అంతే పనికి రేటు సగం చేస్తే మొదట చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నట్టవుతుంది. నలుగురిలో ఇద్దరు వద్దంటే కంగారు పడక్కర్లేదు. నలుగురూ బేరం లేకుండా ఒప్పేసుకుంటున్నారంటే రేటు తక్కువుందేమో మళ్లీ చూసుకోవాలి.

లెక్క ఏడాదికోసారి తిరగేయాలి. పెట్రోలు, రాగి ధరలు మారుతుంటాయి, పని కూడా వేగం పుంజుకుంటుంది. కొత్త రేటు ఏదైనా పాత కస్టమర్లకు ఫిబ్రవరిలోనే మెసేజ్ పెట్టాలి. ఏప్రిల్‌లో ఇంటికెళ్లి, ఏసీ విప్పాక చెబితే గుమ్మంలోనే గొడవ మొదలవుతుంది.