అభ్యంతరం ఎవరు చెప్పాలి?

'పొగ త్రాగరాదు' - చదువు రానివారు కూడా చూడగానే గుర్తుపట్టే మాటలివి. ఆర్టీసీ బస్సులో, సినిమా హాలు గోడమీద, ఆసుపత్రి వరండాలో దశాబ్దాలుగా కనిపిస్తూనే ఉన్నాయి. అయినా ఒకప్పుడు ఆ అక్షరాల కిందనే కూర్చుని బీడీ వెలిగించేవారు. పక్కనున్న స్త్రీలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొనేవారే గాని 'వద్దు' అని నోరు తెరిచేవారు కాదు. ఈనాడు బస్సులో ఎవరైనా సిగరెట్టు తీస్తే కండక్టరు కన్నా ముందు తోటి ప్రయాణికులే మందలిస్తారు. బోర్డు అదే, అక్షరాలూ అవే. మరి మారినదేమిటి?

ప్రజాభిప్రాయం మారిందని సులువుగా చెప్పేయవచ్చు. కాని కాస్త లోతుగా చూస్తే మాకు తోచినది వేరు. పొగ భరించలేనివారు అప్పుడూ ఎక్కువమందే. వారికి లేనిది అభిప్రాయం కాదు, దానిని పైకి చెప్పే వీలు. ఆ వీలు ఎలా కలిగింది? ఇంకా ఎక్కడ కలగలేదు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతుకుదాం.

ఫర్మానాలు ఆపలేకపోయాయి

పొగాకు మన నేల పంట కాదు. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వర్తకుల ద్వారా దక్కనుకు చేరింది. 17వ శతాబ్దం తొలి ఏళ్లలో అక్బరు కొలువులోని అసద్ బేగ్ బీజాపూరులో దీనిని చూసి, ముచ్చటపడి, హుక్కాతో సహా చక్రవర్తికి కానుకగా తీసుకుపోయాడు. తెలియని వస్తువును తాగవద్దని హకీము అక్కడే అభ్యంతరం చెప్పాడు. అంటే మన దేశంలో పొగాకుపై వాదం పొగాకు వచ్చిన నాటి నుంచే ఉన్నదన్న మాట.

1617లో జహంగీరు పొగతాగడాన్ని నిషేధించాడు. 1633లో ఉస్మానియా సుల్తాను నాలుగవ మురాద్ నిషేధం విధించి, ధిక్కరించినవారికి మరణశిక్షలు కూడా అమలు చేశాడు. ఫలితం? ఇక్కడ హుక్కా నవాబుల దివాణాల నుంచి పల్లె రచ్చబండల దాకా పాకింది. అక్కడ సుల్తాను పోయిన తరువాత నిషేధమూ నిలవలేదు. పాలకుడు వద్దన్నాడు, ప్రజలు అనలేదు. ఫర్మానా ఒక్కటే ఉంటే జరిగేది ఇంతే.

మన తెలుగునాట పొగకు మర్యాద కూడా దక్కింది. 'కన్యాశుల్కం'లో గిరీశం చుట్టను పొగిడిన తీరుకు తరాలుగా నవ్వుకొంటూనే ఉన్నాము. హైదరాబాదులో తయారైన చార్మినార్ సిగరెట్టు దేశమంతటా పేరు మోసింది. ఇరానీ హోటల్లో చాయ్ కప్పు పక్కన సిగరెట్టు లేకపోతే కబురే సాగదనుకొనే రోజులుండేవి. అటువంటి చోట 'అన్నా, పొగ ఇబ్బందిగా ఉంది' అన్నవాడే లోకజ్ఞానం లేనివాడు.

రైలుపెట్టెలో ఒక షరతు

1989 నాటి రైల్వే చట్టం 167వ సెక్షనును చూస్తే ఆ కాలపు ఆలోచన అర్థమవుతుంది. పెట్టెలోని మరో ప్రయాణికుడు అభ్యంతరం చెబితే పొగ తాగకూడదని అందులో రాశారు. చూడటానికి ఎంతో న్యాయంగా ఉంది. కాని ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. అభ్యంతరం చెప్పవలసింది ఎవరు? ఆయాసంతో ఉన్న ముసలాయన చెప్పాలి. చంకలో పసిబిడ్డ ఉన్న తల్లి, నలుగురు మగవారి మధ్య ఒంటరిగా కూర్చుని, చెప్పాలి. చెప్పకపోతే ఒప్పుకొన్నట్లే లెక్క.

పైగా వీరు అల్పసంఖ్యాకులు కారు. 2009-10లో జరిగిన జాతీయ పొగాకు సర్వేలో పొగతాగే పెద్దలు నూటికి 14 మంది. 2016-17 సర్వే నాటికి 10.7 మంది. అంటే నూటికి 86 మంది తాగనివారున్న దేశంలో, 14 మంది సౌకర్యానికి మిగిలినవారు ముక్కు మూసుకొన్నారు. మౌనాన్ని సమ్మతిగా లెక్కవేస్తే ఇలాగే అవుతుంది.

పక్కవారి ఊపిరి చెప్పిన నిజం

'నా ఆరోగ్యం, నా ఇష్టం' అన్న మాట చాలాకాలం చెల్లింది. దానిని చెల్లకుండా చేసినది జపానులో జరిగిన ఒక పరిశోధన. వైద్య పరిశోధకుడు హిరాయామా సిగరెట్టు ముట్టని 91 వేలకు పైగా గృహిణుల ఆరోగ్యాన్ని 14 ఏళ్లపాటు గమనించి 1981లో ఫలితాలు ప్రకటించారు. భర్త ఎంత ఎక్కువ తాగితే, ఏనాడూ తాగని భార్యకు ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు అంత ఎక్కువగా ఉందని తేలింది. సిగరెట్టు కంపెనీలు తప్పుపట్టాయి గాని తరువాత వచ్చిన పరిశోధనలు ఈ నిజాన్నే బలపరిచాయి.

1986లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక మరో భ్రమను తొలగించింది. ఒకే గాలి తిరిగే గదిలో తాగేవారిని ఒక పక్క, తాగనివారిని ఒక పక్క కూర్చోబెట్టినంత మాత్రాన పొగ సోకకుండా పోదని చెప్పింది. ఇంత పొగ అయితే ప్రమాదం లేదనే హద్దు ఏదీ లేదని 2006 నివేదిక తేల్చింది. పొగాకు పొగలో 7 వేలకు పైగా రసాయనాలున్నాయి; వాటిలో సుమారు 70 కేన్సర్ కలిగించేవి. ఇతరుల పొగ పీల్చిన కారణంగా ప్రపంచంలో ఏటా 10 లక్షల మందికి పైగా మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీరెవరూ అగ్గిపుల్ల గీసినవారు కారు.

భారం చేతులు మారింది

మన దేశంలో ఈ మాటను మొదట గట్టిగా అన్నది న్యాయస్థానం. 1999 జూలైలో కేరళ హైకోర్టు, బహిరంగ స్థలాలలో పొగతాగడం తోటివారి జీవించే హక్కుకు భంగమని, అప్పటి శిక్షాస్మృతి ప్రకారం ప్రజలకు కలిగించే ఉపద్రవమని తీర్పు చెప్పింది. ముంబాయి నాయకుడు మురళీ దేవరా వేసిన పిటిషనుపై 2001 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆస్పత్రులు, పాఠశాలలు, గ్రంథాలయాలు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు, బస్సులు, రైళ్లలో పొగతాగడాన్ని దేశమంతటా నిషేధించమని ఆదేశించింది. 2003లో పార్లమెంటు చట్టం చేసింది. 2008 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, కొత్త నియమాలు అమలులోకి వచ్చాయి. హోటళ్లు, సినిమా హాళ్లు, దుకాణ సముదాయాలు, పనిచేసే చోట్లు అన్నీ వాటి కిందకు వచ్చాయి. 30 మంది గాని, అంతకు మించి గాని కూర్చునే హోటలులో మాత్రం విడిగా గది పెట్టుకోవచ్చన్నారు.

జరిమానా గరిష్ఠంగా రూ.200. అంత చిన్న మొత్తానికి ఎవరు భయపడతారని ఆనాడు చాలామంది పెదవి విరిచారు. కాని చట్టం చేసిన అసలు పని జరిమానా కాదు. ఇక ఎవరూ అభ్యంతరం చెప్పనక్కర లేదు. తాగేవాడే బయటకు నడవాలి. హోటలు యజమాని బోర్డు పెట్టాలి, బూడిద గిన్నెలు తీసివేయాలి, తన ఆవరణలో ఎవరైనా తాగితే తానూ జవాబు చెప్పాలి. భారం బాధితుని భుజం నుంచి దిగింది. అప్పుడు గాని నూటికి 86 మంది గొంతు వినబడలేదు.

వినిపించే మూడు వాదాలు

వ్యతిరేకించేవారి మాటలూ వినాలి. మొదటిది స్వేచ్ఛ. ఈ చట్టం ఎవరినీ తాగవద్దనడం లేదు, ఇక్కడ తాగవద్దంటున్నది. నాలుగు గోడల మధ్య ఉన్న గాలి అందరిదీ కాబట్టి.

రెండవది వ్యాపారం. 2004 మార్చి 29న ఐర్లండు తన మద్యశాలలతో సహా పనిచేసే చోట్లన్నింటా పొగను నిషేధించి, ప్రపంచంలో మొదటి దేశమయింది. అక్కడ ముందుగా ఆలోచించినది కస్టమరు గురించి కాదు, అక్కడ పనిచేసే కూలివాని గురించి. కస్టమరు లేచి వెళ్లిపోగలడు, సర్వరు వెళ్లలేడు. మన హోటళ్లలో కప్పులు కడిగే కుర్రవాడి సంగతీ అంతే. ఎంతో గొడవ జరుగుతుందనుకొన్న ఆ దేశంలో ఏడాది తిరిగేసరికి పొగతాగేవారిలోనూ అధికులు చట్టం మంచిదే అన్నారు. 2006లో స్కాట్లండు అదే దారి పట్టింది. పరిశోధకులు గమనించిన తొమ్మిది ఆస్పత్రులలో గుండెపోటు వంటి తీవ్రమైన జబ్బుతో చేరేవారు ఏడాదిలోపే నూటికి 17 వంతున తగ్గారు. ఆ తగ్గుదలలో పెద్దవాటా పొగతాగనివారిదే.

మూడవది బ్రతుకుతెరువు. దీనిని తేలికగా తీసివేయరాదు. నిజామాబాదు, కామారెడ్డి, జగిత్యాల ప్రాంతాలలో ఎన్నో ఇళ్లలో, మన ముస్లిం కుటుంబాలలో కూడా, తల్లులూ కూతుళ్లూ చాట ఒడిలో పెట్టుకొని తునికాకు చుడితేనే పూట గడుస్తుంది. ప్రకాశం జిల్లా బ్యారన్ రైతుల అప్పూ ఆస్తీ పొగాకుతోనే ముడిపడి ఉన్నాయి. బస్సులో బీడీ మానినంత మాత్రాన వీరి గంజి పోదు. కాని తాగేవారు తగ్గుతున్న కొద్దీ వీరి పనీ తగ్గుతుందన్నది దాచవలసిన నిజం కాదు. కాబట్టి నిషేధాన్ని కోరే మనమే వీరికి వేరే పని, వేరే పంట చూపమని కూడా కోరాలి. వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకొనే ఆ తల్లి రోజంతా పొగాకు ధూళి పీలుస్తున్నదని మరచిపోరాదు.

వాసనకే అంత జాగ్రత్త అయితే

ప్రవక్త కాలంలో పొగాకు అరబ్బులకు తెలియదు. అందుకే తరువాతి పండితులలో హరామ్ అన్నవారు, మక్రూహ్ అన్నవారు, అనుమతించినవారు - అందరూ ఉన్నారు. ఆ చర్చ జోలికి మేము పోవడం లేదు. బహిరంగ స్థలం విషయంలో మాత్రం దారి చూపే మాట ఒకటి ఉంది. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిన్నవారు ఆ వాసనతో మసీదుకు రావద్దని దైవప్రవక్త (స) వారించిన సంగతి మనకు తెలిసినదే. ఉల్లి ధర్మసమ్మతమైన ఆహారం, ఒంటికి మేలు కూడా. అయినా పక్కన నిలబడే మనిషికి ఇబ్బంది కలుగుతుందన్న ఒక్క కారణంతో ఆ వారింపు వచ్చింది. మరి వాసనతో ఆగక జబ్బును మోసుకొచ్చే పొగ సంగతి ఏమిటి? జుమా ముగియగానే గేటు దగ్గరే గుంపుగా నిలబడి సిగరెట్లు వెలిగిస్తే, ఆ పొగ దాటుకొంటూ పిల్లలు ఇళ్లకు వెళ్లవలసి వస్తున్నది. రోడ్డు చట్టం హద్దులో లేకపోవచ్చు. మర్యాద హద్దులో లేదా?

'అలవాటు, ఏం చేయను' అనేవారికి రంజాన్ ఒక జవాబు. రోజుకు రెండు పెట్టెలు తాగేవారు కూడా సహరీ నుంచి ఇఫ్తార్ దాకా, పదమూడు పద్నాలుగు గంటలు, ఒక్కసారైనా ముట్టకుండా ఉంటున్నారు. కష్టం లేదని కాదు, కాని సాధ్యమేనని ఏటా ఒక నెల వారే రుజువు చేస్తున్నారు.

చట్టం గడప దగ్గర ఆగుతుంది

ఇక అసలు విషయానికి వద్దాం. 2009-10 నుంచి 2016-17 వరకు హోటళ్లలో ఇతరుల పొగ పీల్చినవారు నూటికి 11.3 నుంచి 7.4కు తగ్గారు. చట్టం పనిచేసిందనడానికి ఇది గుర్తు. కప్పు కింద పనిచేసే చోట్లలో 29.9 ఉన్నది 30.2 వద్దనే నిలిచింది. అక్కడ చట్టం ఇంకా కాగితం మీదనే ఉన్నదన్న మాట. ఇళ్లలో 52.3 నుంచి తగ్గినా, ఇంకా 38.7 వద్ద ఉంది. అంటే నూటికి సుమారు 39 మంది తమ ఇంట్లోనే పొగ పీలుస్తున్నారు! హోటలు కన్నా ఇల్లే పొగ ఎక్కువైన చోటయింది.

బయట నిషేధిస్తే ఇంట్లో తాగుతారేమోనని స్కాట్లండులో కూడా సందేహించారు. బడిపిల్లల లాలాజలంలో నికోటిన్ జాడ పరీక్షించారు. చట్టం తరువాత అది మొత్తం మీద నూటికి 39 వంతున తగ్గింది. బయట వద్దన్న మాట చాలామంది ఇళ్లలోకీ నడిచి వెళ్లింది. అయితే తల్లి పొగతాగే ఇళ్లలోని పిల్లలకు మాత్రం చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. పిల్లలను అంటిపెట్టుకొని ఉండేవారి పొగను బయటి చట్టం తీయలేకపోయింది.

మన ఇళ్లలో ఇప్పటికీ నడుస్తున్నది పాత రైలుపెట్టె న్యాయమే. ఎవరైనా అభ్యంతరం చెబితేనే ఆపాలి. మరి చెప్పేదెవరు? ఇంటి పెద్దతో 'ఆరుబయటికి వెళ్లి తాగండి' అని కోడలు అంటుందా? 'అబ్బాజాన్, దగ్గు వస్తోంది' అని నాలుగేళ్ల పిల్ల ఎన్నిసార్లు చెప్పగలదు? మాటలు రాని పసివాడు ఏమని చెబుతాడు? వారు చెప్పలేదు కాబట్టి ఒప్పుకొన్నారనుకొందామా?

బస్సులో ముక్కూ మొహం తెలియని ప్రయాణికుని కోసం సిగరెట్టు జేబులో పెట్టుకొనే మనిషి, ఇంట్లో కన్నబిడ్డ కోసం ఆ పని చేయలేడా? గదిలో గాని, కారులో గాని, పిల్లలుండే చోట గాని వెలిగించబోనని ఇంటి పెద్ద తానుగా ఈ రోజే చెప్పవచ్చు. పూర్తిగా మానదలచినవారికి 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రారంభించిన ఉచిత ఫోను 1800-112-356 ఉంది. ఇంటికి పోలీసు రాడు, రానక్కర లేదు. అడగలేనివారి తరఫున మనమే ముందుగా ఆపితే చాలు.