అడుగె మాడిదె... అడుగు మాడలేదు!

సాయంత్రం ఆరు గంటలు. ఆదోనిలో ఓ ఇల్లు. కొత్త కోడలిది హుబ్లీ. అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఇష్టపడి చేసుకున్న పెళ్లి. అత్తగారి పుట్టిల్లు గుంటూరు వైపు. కన్నడం ముక్క రాదు. మొదటిసారి వంట చేసిన కోడలు బయటికొచ్చి సంబరంగా ‘అడుగె మాడిదె’ అంది. అంతే... అత్తగారు ఒక్క ఉదుటున వంటింట్లోకి పరుగెత్తారు, అడుగు మాడిందేమోనని! మూత తీసి చూస్తే అన్నం మల్లెపువ్వులా ఉంది. పాపం, ఆ పిల్ల చెప్పింది ‘వంట చేశాను’ అని!

కోడలు ఫోన్ తీసి అదే మాట మళ్లీ అంది. ఫోన్ తెలుగులో చెప్పింది. ఇంటిల్లిపాదీ ఒకటే నవ్వు. మూలన కూర్చున్న అవ్వ మాత్రం ‘నన్నడిగితే చెప్పనా ఏంది?’ అంటూ మూతి తిప్పుకుంది.

ఇది ఊహించి రాసిన సన్నివేశమే. కానీ కర్నూలు జిల్లా పడమటి ఊళ్లలో ఇలాంటిది జరగదని ఎవరూ అనలేరు.

గీత మారింది... చుట్టరికం మారలేదు

1953 వరకూ ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. ఎమ్మిగనూరు అప్పట్లో ఆదోని తాలూకాలోని ఊరు. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. బళ్లారి అటు మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. పటం మీద గీత పడింది కానీ పెళ్లిళ్లు ఆగలేదు. సిరుగుప్ప, రాయచూరు వైపు పిల్లనిచ్చిన ఇళ్లూ, అటునుంచి తెచ్చుకున్న ఇళ్లూ ఇక్కడ కొల్లలు. ఆదోని పత్తి మార్కెట్లో, మంత్రాలయం మఠంలో, ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతరలో రెండు భాషలూ చెవినపడతాయి. అక్కడ వాళ్లు ‘బేళె’ అనే పప్పుని ఇక్కడ ‘బ్యాళ్లు’ అంటారు. ఉగ్గాని బజ్జీకైతే అసలు సరిహద్దే లేదు.

ఆ తరం వాళ్లు కన్నడాన్ని బడిలో నేర్చుకోలేదు. సంతలో, బస్సులో, బంధువుల ఇళ్లలో చెవితో పట్టేశారు. ఇంగ్లిషు మీడియం చదువుల మనవళ్లకు ఆ చెవి లేదు. అందుకే ఏటి అవతలి చుట్టంతో మాట్లాడటానికీ ఫోన్ కావాల్సి వస్తోంది!

యంత్రం ఎలా నేర్చింది?

మన భాషలను కంప్యూటర్‌తో అనువదించే ప్రయత్నం కొత్తదేం కాదు. 1990ల్లోనే ఐఐటీ కాన్పూర్, హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తెలుగు, కన్నడ వంటి భాషల నుంచి హిందీలోకి మార్చే ‘అనుసారక’ మీద పనిచేశారు. గూగుల్ ట్రాన్స్‌లేట్ 2006లో మొదలైతే, తెలుగు, కన్నడం అందులోకి వచ్చింది 2011లో. 2017 నుంచి వాక్యం మొత్తాన్ని ఒక్కటిగా చూసే కొత్త పద్ధతి రావడంతో అనువాదం చాలా మెరుగైంది. కేంద్ర ప్రభుత్వం 2022లో ‘భాషిణి’ తెచ్చింది.

అయితే ఓ చిక్కుంది. ఈ పరికరాలు చాలాకాలం ఒక భాషను ముందు ఇంగ్లిషులోకి మార్చి, అక్కణ్నుంచి రెండో భాషలోకి తెచ్చేవి. పక్కింటికి లండన్ మీదుగా వెళ్లినట్టన్నమాట! ఆ దారిలో జారిపోయేది మర్యాద. మనకు రా, రండి ఉన్నాయి. కన్నడంలో బా, బన్ని. ఇంగ్లిషులో రెంటికీ ‘కమ్’ ఒక్కటే. అవతలికి చేరేసరికి ‘రండి మామయ్యా’ కాస్తా ‘రా’ అయిపోవచ్చు.

యంత్రం లేకున్నా ఈ గొడవ ఉంది. కన్నడంలో ‘నీను’ అంటే నువ్వు, ‘నీవు’ అంటే మీరు. హుబ్లీ కోడలు ఎంతో గౌరవంగా ‘నీవు’ అంటే, గుంటూరు అత్తగారి చెవికది ‘నువ్వు’! మాట ఒకటే, మర్యాద తలకిందులు. కారణం తెలియకపోతే ‘ఎంత పొగరు’ అనే ముద్ర పడిపోతుంది. ఒకసారి పడితే చెరపడం కష్టం.

చైనా వియ్యంకులకూ ఇదే తంటా

విదేశాల్లో చైనా కుటుంబాలతో వియ్యమందినవారికీ ఇదే తంటా. చైనా భాషలో ‘నీ’ అంటే నువ్వు, ‘నిన్’ అంటే మీరు. మనకు పెదనాన్న, చిన్నాన్న, మేనమామ వేర్వేరైనట్టే వాళ్లకు బోబో, షూషూ, జ్యౌజ్యౌ వేర్వేరు. రెండు భాషల్లోనూ వరసలు అంత స్పష్టం. మధ్యలో ఇంగ్లిషు దూరితే ముగ్గురూ ‘అంకుల్’ అయిపోతారు!

ఇలా చేసి చూడండి

* చిన్న వాక్యాలు చెప్పండి. ఒక్కో వాక్యంలో ఒక్కటే సంగతి ఉండాలి. సామెతలు, వెటకారాలు వద్దు.
* ఈ పరికరాలు ఎక్కువగా అచ్చుభాష చూసి నేర్చుకున్నవి. ఇంటి యాస తగ్గించి మాట్లాడితే బాగా పట్టుకుంటాయి.
* వచ్చిన అనువాదాన్ని తిరిగి తెలుగులోకి మార్చి చూడండి. మీరన్నదే వస్తే పంపండి.
* అత్త, మామ, అక్క, బావ... ఈ పిలుపులను ఫోన్‌కు వదలొద్దు. వాళ్ల భాషలో నేర్చుకుని మీ నోటితోనే పిలవండి.
* మందుల మోతాదు, డబ్బు లెక్కలు, శుభకార్యాల తేదీలు మాత్రం రెండు భాషలూ తెలిసిన మనిషితో సరిచూసుకోండి.
* అపార్థం వచ్చిందనిపిస్తే తప్పు భాషదా, మనిషిదా అని ఆగి ఆలోచించండి. చాలాసార్లు భాషదే.

అన్నట్టు, ఆ ఇంట్లో మూతి తిప్పుకున్న అవ్వను మరిచిపోవద్దు. ఆమె లాంటివారు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నారు. రోజుకో మాట అడిగితే చాలు, మురిసిపోతూ చెబుతారు. ముందుగా ‘ఊట ఆయ్తా’ నేర్చుకోండి. మన ఊటబావికీ దానికీ ఏ సంబంధం లేదు. ‘భోజనం అయిందా?’ అని అర్థం. ఫోన్ చేతే అడిగిస్తే వియ్యపురాలికి సంగతి తెలుస్తుంది. మీరే తడబడుతూ అడిగితే మాత్రం ‘కూర్చోండి, మీరూ తినండి’ అంటూ విస్తరి వేస్తుంది!