నల్లబల్ల ముందు తొలి పరీక్ష

ఉదయం రెండో గంట మోగింది. ఏడవ తరగతి గదిలో పిల్లలందరూ లేచి నిలబడి నమస్కరించారు. బల్ల దగ్గర నిలుచున్న యువతి ప్రతినమస్కారం చేసి, చుట్టచుట్టి తెచ్చిన చార్టును గోడకు తగిలించింది. ఆమె ఆ పాఠశాల ఉపాధ్యాయిని కాదు, బి.ఎడ్. చదువుతున్న ఛాత్రోపాధ్యాయిని. ముందురోజు రాత్రి చాలాసేపు మేలుకొని రాసుకున్న పాఠ్యపథకం ఆమె చేతిలో ఉన్నది. ఏ ప్రశ్న ఎప్పుడు అడగవలసినదీ, దానికి పిల్లలు ఏమని బదులు చెప్పవలసినదీ కూడా అందులో రాసి ఉన్నది. వెనుక బెంచీ మీద కళాశాల నుంచి వచ్చిన పర్యవేక్షకుడు కలం తెరిచి కూర్చున్నాడు.

పాఠం భిన్నాల భాగహారం. సగాన్ని పావుతో భాగించే పద్ధతిని ఆమె నల్లబల్ల మీద చేసి చూపింది. రెండవ భిన్నాన్ని తలకిందులు చేసి గుణించాలి, జవాబు 2. అంతలో మూడో వరుసలో ఒక కుర్రవాడు లేచాడు.

“టీచర్, భాగిస్తే తగ్గాలి గదండీ! సగం కాస్తా రెండెలా అయిందండీ?”

ఆ ప్రశ్న పాఠ్యపథకంలో లేదు. ఆమె గడియారం వంక చూసింది. వెనుక బెంచీ వంక చూసింది. “అది తరువాత చెప్పుకుందాం, కూర్చో” అని తరువాతి లెక్కకు సాగిపోయింది. పాఠం సకాలంలో ముగిసింది. కుర్రవాడి సందేహం మాత్రం అక్కడే మిగిలిపోయింది.

ఉపాధ్యాయ శిక్షణలో అత్యంత కీలకమైన ఘట్టం ఇటువంటి గదులలోనే జరుగుతుంది. ఛాత్రోపాధ్యాయుల నుంచి ఏమి ఆశించాలి? వారు ఎవరిని మెప్పించాలి? పర్యవేక్షకుడినా, ప్రధానోపాధ్యాయుడినా, మూడో వరుసలోని ఆ కుర్రవాడినా? ఈ ప్రశ్నలకు ఇచ్చే సమాధానం మీదనే రాబోయే ముప్పై ఏళ్ళపాటు వారి చేతి కింద చదువుకోబోయే పిల్లల భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది.

ఇసుకలో అక్షరాల నుంచి

పెద్దల కనుసన్నలలో పాఠం చెప్పి, పాఠం చెప్పడం నేర్చుకోవడం ఈ దేశానికి కొత్త కాదు. వీధిబడిలో పెద్ద పిల్లవాడు చిన్నవాళ్ళ చేత అక్షరాలు దిద్దించేవాడు. పంతులు ఒక కంట కనిపెట్టి ఉండేవాడు. 1789లో మద్రాసులోని ఒక అనాథ బాలుర శరణాలయానికి పర్యవేక్షకుడిగా వచ్చిన ఆండ్రూ బెల్, స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, ఆ పద్ధతిని తన పాఠశాలలో ప్రవేశపెట్టాడు. పెద్ద పిల్లల చేత చిన్నవారికి చదువు చెప్పించాడు. ఆ అనుభవాన్ని 1797లో లండన్‌లో గ్రంథంగా ప్రకటించాడు. అదే ‘మద్రాసు పద్ధతి’ అనే పేరుతో ఇంగ్లండులో ప్రచారం పొందింది.

తరువాతి కాలంలో శిక్షణ కళాశాలలు వెలిశాయి. జర్మన్ విద్యావేత్త హెర్బార్ట్ శిష్యులు రూపొందించిన ఐదు సోపానాలు పాఠ్యపథకానికి మూసగా నిలిచాయి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1963 ప్రాంతాన మొదలైన సూక్ష్మబోధన తరువాత భారతదేశానికి వచ్చింది. కొద్దిమంది ఎదుట ఐదు పది నిమిషాల పాఠం చెప్పి, ప్రశ్నించడం, ఉదాహరణ ఇవ్వడం వంటి నైపుణ్యాలను ఒక్కొక్కటిగా సాధన చేయడం దీని పద్ధతి. ఇవన్నీ ఉపయోగకరమైనవే. కాని ఒడ్డున చేతులాడించడం వేరు, నీటిలో దిగడం వేరు. అసలైన తరగతి గదికి మరేదీ సాటి రాదు.

పాఠాల లెక్క, వారాల లెక్క

బి.ఎడ్. ఒక్క సంవత్సరపు చదువుగా ఉన్న రోజులలో పలు విశ్వవిద్యాలయాలు బోధనాభ్యాసాన్ని పాఠాల సంఖ్యతో కొలిచేవి. రెండు బోధనా విషయాలలో ఇరవై చొప్పున నలభై పాఠాలు చెబితే పని పూర్తి అయినట్లే. లెక్క తీరిన మరునాడు ఛాత్రోపాధ్యాయుడు ఆ బడి ముఖం చూడవలసిన అవసరం ఉండేది కాదు. కళాశాలలు పాఠశాలల జీవితానికి దూరంగా, ఒంటరిగా ఉండిపోతున్నాయని కొఠారీ కమిషన్ 1966లోనే హెచ్చరించింది.

ఆ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం చాలా ఆలస్యంగా జరిగింది. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో నివేదిక సమర్పించింది. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014లో రూపొందించిన నిబంధనలతో 2015 నుంచి బి.ఎడ్. రెండేళ్ళ కోర్సు అయింది. మొత్తం మీద కనీసం 20 వారాలు పాఠశాలలతో గడపాలి. అందులో 4 వారాలు మొదటి సంవత్సరంలో, 16 వారాలు రెండవ సంవత్సరంలో. తక్కిన చదువుకు 80 శాతం హాజరు చాలునన్న ఆ నిబంధనలు, పాఠశాలలో గడిపే కాలానికి 90 శాతం కావాలన్నాయి. వారు చెప్పిన పాఠాలను లెక్కించడం కంటే వారు బడిలో బతికిన రోజులను లెక్కించడం మేలన్నది ఈ మార్పులోని అంతరార్థం.

బడిలో బతకడమంటే పాఠం చెప్పి వెళ్ళిపోవడం కాదు. ఉదయం ప్రార్థన నుంచి సాయంత్రం చివరి గంట వరకు అక్కడ ఉండాలి. మొదటి రోజులలో అనుభవజ్ఞుల తరగతులను మౌనంగా పరిశీలించాలి. పిల్లలకు పరీక్ష పెట్టి, జవాబు పత్రాలు దిద్ది, ఎవరు ఎక్కడ తప్పుతున్నారో విశ్లేషించాలి. వెనుకబడిన ఒక పిల్లవాణ్ణి ఎంచుకొని అతని ఇబ్బందికి కారణం వెతకాలి. తోటివారి పాఠాలను చూసి మెచ్చదగినదీ, మార్చదగినదీ చెప్పగలగాలి. అన్నింటినీ మించి, ఒకరు తప్పు చూపితే ముఖం చిన్నబుచ్చుకోకుండా వినడం నేర్చుకోవాలి.

అతిథులా, ఇంటివారా?

నిబంధనలు కాగితం మీద ఎంత చక్కగా ఉన్నా, వాటికి ప్రాణం పోయవలసినది పాఠశాల. అక్కడే చిక్కులు ఎదురవుతాయి. పరీక్షలు దగ్గరపడుతుండగా కొత్తవారి చేతికి తరగతిని అప్పగిస్తే పాఠ్యాంశాలు పూర్తి కావేమోనని ప్రధానోపాధ్యాయుడికి భయం. అది అకారణమని కొట్టివేయడానికి వీలులేదు; ఆ పిల్లలకు ఆ సంవత్సరం మళ్ళీ రాదు. మరికొన్ని చోట్ల ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. ఛాత్రోపాధ్యాయులు వచ్చారనగానే సెలవు పెట్టినవారి తరగతులన్నీ వారి నెత్తిన పడతాయి. గదిలో అల్లరి లేకుండా చూస్తే చాలు, నేర్పేవారు ఉండరు.

శిక్షణ సంస్థల పక్షాన ఉన్న లోపం మరింత తీవ్రమైనది. విడిగా నడిచే శిక్షణ సంస్థలలో పదివేలకు పైగా ఉన్నవి అధిక భాగం శిక్షణను పట్టించుకోకుండా డిగ్రీలు అమ్ముకుంటున్నాయని, వర్మ కమిషన్‌ను ఉటంకిస్తూ 2020 నాటి జాతీయ విద్యావిధానం ఘాటుగా పేర్కొన్నది. అటువంటి చోట బడికి వెళ్ళకుండానే రికార్డు పుస్తకాలు నిండుతాయి. ఆ రికార్డులతో పట్టా పుచ్చుకున్నవారు మొట్టమొదటి పొరపాట్లను ఉద్యోగంలో చేరాక, సరిదిద్దేవారు ఎవరూ లేని గదిలో చేస్తారు.

వైద్య విద్యార్థి చేత రోగికి సూది వేయించేటప్పుడు పక్కన పెద్ద డాక్టరు నిలబడి ఉంటాడు. ఛాత్రోపాధ్యాయుని పక్కనా అటువంటి ఒక అనుభవజ్ఞుడు ఉండాలి. కళాశాల పర్యవేక్షకుడు ఎప్పుడో వచ్చి పోతాడు. రోజూ కంటికి కనిపించేది ఆ బడి ఉపాధ్యాయుడే. పిల్లల పేర్లూ, వారి ఇళ్ళ పరిస్థితులూ, ఏ పాఠం దగ్గర ఎవరు తడబడతారన్నదీ అతనికే తెలుసు. కొత్తవారికి నేర్పే పనిని అతని అసలు విధులలో ఒకటిగా గుర్తించి, అందుకు తగిన తీరిక కల్పించినప్పుడే పిల్లలకు నష్టం లేకుండా శిక్షణ సాగుతుంది.

ఓటమి నేర్పే పాఠం

గుజరాత్‌కు చెందిన గిజుభాయి బధేకా రచించిన ‘దివాస్వప్న’ను తెలుగువారు ‘పగటికల’గా ఎరుగుదురు. అందులోని ఉపాధ్యాయుడు ఎన్నో ఆలోచనలు రాసుకొని నాలుగో తరగతిలో అడుగుపెడతాడు. తొలిరోజే అతని పథకం పూర్తిగా విఫలమవుతుంది. పిల్లలను మౌనంగా కూర్చోబెట్టబోతే గది గోలతో నిండిపోతుంది. అతను నిరాశతో కుంగిపోడు. మరునాడు పథకం పక్కనపెట్టి కథ మొదలుపెడతాడు. ఛాత్రోపాధ్యాయుల నుంచి మొదట ఆశించవలసినది ఈ గుణమే. తప్పులేని పాఠం ఎవరూ తొలిరోజున చెప్పలేరు. నిన్నటి తప్పును ఈరోజు దిద్దుకోగలవారు మాత్రమే ఉపాధ్యాయులు కాగలరు.

భిన్నాల పాఠం చెప్పిన యువతికి పర్యవేక్షకుడు మంచి మార్కులే వేశాడు. కాని ఆ రోజంతా ఆమెకు మనసు మనసులో లేదు. సాయంత్రం ఉపాధ్యాయుల గదిలో ఆ బడి లెక్కల మాస్టారికి జరిగినది చెప్పుకున్నది. ఆయన నవ్వి, “రేపు ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టమ్మా. ఒక రొట్టె తెచ్చుకో, చాలు” అన్నాడు.

మరునాడు వెనుక బెంచీ ఖాళీగా ఉన్నది. ఆమె కుర్రవాణ్ణి దగ్గరకు పిలిచి, సగం రొట్టె చేతికిచ్చింది. “ఇందులో పావు ముక్కలు ఎన్ని వస్తాయో చూడు” అన్నది. అతను రొట్టెను మధ్యకు తుంచి, రెండు చేతులూ పైకెత్తి చూపాడు.

“రెండు టీచర్! రొట్టె పెరగలేదండీ, రెండన్నది ముక్కల లెక్కండీ!”

ఆ పాఠానికి ఎవరూ మార్కులు వేయలేదు. రికార్డు పుస్తకంలో దానికి చోటూ లేదు. అయినా ఆమె ఉపాధ్యాయిని అయినది ఆ ఉదయమే.