స్ప్రెడ్‌షీట్‌లో బహుస్థాయి సంఖ్యల వరుసక్రమం: దుగ్గిరాల ప్రాంత సర్వే నంబర్లు – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

భూసంబంధాల చరిత్రపై పనిచేసే పరిశోధకులకు అడంగల్, 1-బి, ఎఫ్‌ఎంబీగా వ్యవహరించే క్షేత్ర కొలతల పుస్తకం మౌలిక ఆధారాలు. వీటిలోని వివరాలను స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించి సర్వే నంబర్ల వరుసలో అమర్చుకోవడం పరిశోధన తొలి దశలోనే జరిగే పని. గుమాస్తా పనిగా కనిపించే ఈ దశలోనే ఆధారం చెడిపోయే ప్రమాదం ఎక్కువ. గుంటూరు జిల్లా దుగ్గిరాల మండల గ్రామాల రికార్డులలో కనిపించే నంబర్ల తీరును ఆధారం చేసుకొని ఈ వ్యాసం ఆ సమస్యను, దాని పరిష్కారాన్ని వివరిస్తుంది. ఇందులోని నంబర్లు వివరణకోసం కల్పించుకున్నవే; ఏ కమతాన్నీ సూచించవు.

నంబరులోని వంశక్రమం

12వ సర్వే నంబరు భూమి పంపకాల వల్లనో, అమ్మకాల వల్లనో ముక్కలైనప్పుడు 12-1, 12-2 అనే సబ్‌డివిజన్లు ఏర్పడతాయి. 12-2 మళ్లీ చీలితే 12-2ఎ, 12-2బి. వాటిలో మొదటిది ఇంకా చీలితే 12-2ఎ1, 12-2ఎ2. అంటే ఇది పరిమాణాన్ని తెలిపే సంఖ్య కాదు. తల్లి భూమి నుంచి పిల్ల భూమి దాకా సాగే ఒక వంశవృక్షం. ఇందులో ప్రతి స్థాయినీ విడిగా లెక్కించాలి. 12-10 రావలసింది 12-9 తరువాత. 12-1 పక్కన కాదు. ఈ సంగతి మనిషికి చెప్పనవసరం లేదు, యంత్రానికి మాత్రం చెప్పి తీరాలి.

అడ్డగీతకు బదులు చుక్క పెట్టి 12.10 అని రాస్తే ఎక్సెల్ దానిని దశాంశంగా భావించి చివరి సున్నాను తొలగిస్తుంది. అప్పుడు 12.1, 12.10 ఒకటే అవుతాయి; రెండు కమతాలు ఒక్కటిగా కలిసిపోతాయి. వరుస తప్పితే దిద్దుకోవచ్చు. పోయిన సున్నాను మూలపత్రం చూడకుండా తిరిగి తేలేము. సిద్ధాంత గ్రంథంలో 3.1, 3.10 విభాగాలకు పట్టే గతీ ఇదే.

తేదీగా మారే నంబరు

అడ్డగీతతో మరో చిక్కు ఉంది. భారతీయ అమరికలో ఉన్న కంప్యూటరులో 12-5 అని టైపు చేస్తే ఎక్సెల్ దానిని మే 12గా స్వీకరిస్తుంది. అమెరికా అమరికలో అదే డిసెంబరు 5. గీటు గీత వాడి 12/5 అని రాసినా ఫలితం ఇదే. 2025లో అలా నమోదైన మే 12 గడిని తరువాత టెక్స్ట్‌గా మార్చితే తిరిగి వచ్చేది 12-5 కాదు, 45789 అనే రోజుల లెక్క. తేదీగా కుదరని 12-2ఎ వంటివి అక్షరాలుగానే మిగులుతాయి. ఒకే వరుసలో సగం తేదీలు, సగం అక్షరాలు చేరితే ఎక్సెల్ తేదీలన్నిటినీ ముందు నిలిపి, అక్షరాలను వాటి కిందికి నెడుతుంది. తల్లీపిల్లలు ఇలా విడిపోతారు. ఈ బాధ భూచరిత్రకారులకే పరిమితం కాదు. మార్చ్1, సెప్ట్1 వంటి జన్యువుల పేర్లు తేదీలుగా మారిపోతున్నందున మానవ జన్యునామకరణ సంఘం 2020లో ఆ పేర్లనే మార్చవలసి వచ్చింది.

కాబట్టి నమోదుకు ముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా నిర్ణయించడం మొదటి జాగ్రత్త. దానితో విలువ నిలుస్తుంది, వరుస మాత్రం కుదరదు. అక్షరక్రమంలో 12-10 వచ్చి 12-2 కంటే ముందు నిలుస్తుంది. పైగా ఎక్సెల్ వరుసపరిచేటప్పుడు అడ్డగీతను లెక్కలోకి తీసుకోదు. దాని దృష్టిలో 2-13, 21-3 రెండూ 213తో సమానం. రెండో సర్వే నంబరు భూమి ఇరవై ఒకటో నంబరు పక్కకు చేరేది ఇందువల్లనే.

తెలుగు లిపితో వచ్చే చిక్కు

ఇంగ్లీషు అక్షరాలను తెలుగు లిపిలో రాసినప్పుడు మరొక పొరపాటు చోటుచేసుకుంటుంది. ఎ, బి, సి, డి అన్న సబ్‌డివిజన్లను తెలుగు అక్షరక్రమంలో అమర్చితే ఎ, డి, బి, సి అని వస్తాయి. ఐదవదైన ఇ అన్నిటికన్నా ముందుకు పోతుంది. ఒకచోట ఎ, మరొకచోట ఏ అని రాసి ఉంటే ఒకే సబ్‌డివిజన్ రెండుగా కనిపిస్తుంది. ఈ అక్షరాలకు 1, 2, 3 అని అంకెలు కేటాయించుకోవడమే దీనికి నమ్మదగిన ఉపాయం.

విభజన విధానం

మూల నంబరు ఉన్న నిలువు వరుసను ముట్టుకోకుండా, దాని నకలును టెక్స్ట్ టు కాలమ్స్ సాధనంతో అడ్డగీత దగ్గర విడగొట్టాలి. సర్వే నంబరు ఒక వరుసలోకి, మిగిలిన భాగం మరొక వరుసలోకి వస్తాయి. ఈ రెండో భాగాన్ని టెక్స్ట్‌గానే ఉంచమని ఆ సాధనం చివరి దశలో సూచించాలి. లేకపోతే రోమన్ లిపిలో ఉన్న 2ఇ1ని ఎక్సెల్ ఘాతసంఖ్యగా చదివి 20 చేస్తుంది. ఆ తరువాత అంకె, అక్షరం, చివరి అంకె వేర్వేరు వరుసలలో సంఖ్యలుగా చేరాలి. లేని స్థాయి దగ్గర సున్నా వేయాలి. ఆరోహణమైనా అవరోహణమైనా ఎక్సెల్ ఖాళీ గడులను చివరికే నెడుతుంది గనుక, సున్నా లేకపోతే 12 అన్న తల్లి నంబరు తన సబ్‌డివిజన్లన్నిటి వెనుక నిలబడుతుంది.

అన్నిటికన్నా పై స్థాయి గ్రామం. ఈమనిలో 12-2 ఉంటుంది, తుమ్మపూడిలోనూ 12-2 ఉండవచ్చు. ప్రతి రెవెన్యూ గ్రామానికీ నంబర్లు విడిగా మొదలవుతాయి. అందువల్ల కస్టమ్ సార్ట్‌లో గ్రామం, సర్వే నంబరు, సబ్‌డివిజన్, అక్షరం, చివరి అంకె అనే క్రమంలో స్థాయిలను చేర్చాలి. స్థాయిలన్నిటినీ సున్నాలతో నింపి 0012-0002-01-00 వంటి ఒకే తాళంగా కూర్చేవారూ ఉన్నారు. కానీ ఏ సర్వే నంబరు ఎన్ని ముక్కలైందో లెక్కించడానికి విడి వరుసలే మేలు. లిబ్రేఆఫీస్ కాల్క్‌లోని నేచురల్ సార్ట్ అంకెల భాగాలను సంఖ్యలుగానే పోలుస్తుంది. చిన్న పట్టికలకు అది చాలు. తెలుగు అక్షరాల చిక్కు మాత్రం అక్కడా తీరదు.

2020 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన భూముల రీసర్వే పూర్తయిన గ్రామాలలో కమతాలకు కొత్తగా ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. ఈ నంబరులో తల్లీపిల్లల జాడ కనిపించదు. ఏ కమతం ఎవరి వాటా నుంచి విడివడిందో తెలిపే గుర్తు పాత సర్వే నంబరులోనే మిగిలింది. పాత, కొత్త నంబర్లను జతపరిచే పట్టికలో 12-1, 12-10 ఒక్కటిగా కలిసిపోతే ఒక కమతం చరిత్ర మరొకదానికి అంటుకుంటుంది. అందుచేత జతపరచడానికి ముందే, పాత నంబర్ల వరుసలో ప్రతి గడీ టెక్స్ట్‌గా ఉందో లేదో ఈజ్‌టెక్స్ట్ ఫంక్షన్‌తో పరీక్షించి, కాదని తేలిన గడులను అడంగల్‌తో ఒక్కొక్కటిగా సరిపోల్చుకోవాలి.