క్రెడిట్ అంటే ఎన్ని గంటలు?

డిగ్రీ చదివే మన పిల్లల మెమోలలో ‘క్రెడిట్లు’ అనే అంకె కనిపిస్తున్నది. ఇదేమిటని ఆసిఫాబాద్‌లో తలిదండ్రులు మమ్మును తరచుగా అడుగుతుంటారు. దుకాణంలో క్రెడిట్ అంటే ఉద్దెర. కాలేజీలో మాత్రం అది చదువుకు కొలత.

వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయం క్రింద ఉన్న మన ప్రాంతపు డిగ్రీ కాలేజీలలో 2016 నుండి ఈ పద్ధతి నడుస్తున్నది. యు.జి.సి. లెక్క తేలికైనదే. సెమిస్టరుకు పదిహేను వారాలు. వారానికి ఒక గంట పాఠమైతే ఒక క్రెడిట్, అనగా 15 గంటలు. ప్రాక్టికల్సు అయితే ఒక క్రెడిట్‌కు 30 గంటలు. నాలుగు క్రెడిట్ల పాఠ్యాంశమంటే తరగతిలో 60 గంటలన్నమాట. 2022లో యు.జి.సి. ప్రకటించిన విధానంలో మూడేళ్ళ డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ళ డిగ్రీకి 160 ఉండవలెను.

గంటలతో చదువును కొలవడం అమెరికాలో పుట్టిన అలవాటు. 1906లో కార్నెగీ సంస్థ అధ్యాపకులకు పింఛను ఇవ్వబూని, ఏ కాలేజీలు అర్హమైనవో తేల్చుటకు ఇటువంటి కొలత పెట్టింది. ఆ కొలత విద్యార్థి ఎంత నేర్చుకొన్నాడో చెప్పుటకు ఉద్దేశించినది కాదని 2015లో ఆ సంస్థ నివేదికే తెలిపింది.

ఇక్కడే మనము జాగ్రత్తపడవలెను. వానలకు వాగులు పొంగి బస్సు రాని వారంలోను, పత్తి ఏరుటకు ఇంట్లో చేతులు చాలని వారంలోను, తిర్యాణి, కెరమెరి వంటి చోట్ల నుండి వచ్చే పిల్లలు తరగతికి దూరమవుతారు. ఒక్క వారం పోతే నాలుగు క్రెడిట్ల పాఠ్యాంశంలో నాలుగు గంటలు పోయినట్లే. పరీక్ష గట్టెక్కితే మెమోలో నాలుగు క్రెడిట్లూ నిండుగానే పడతాయి. పోయిన గంటలు అందులో కనబడవు. పాఠం చెప్పేవారు లేక తరగతి జరగకపోయినా అంతే. ఆ లోటు బయటపడేది ఉద్యోగపు పరీక్షలో.

ఈ పద్ధతిలో ఒక మేలు కూడా ఉన్నది. 2021లో యు.జి.సి. క్రెడిట్ బ్యాంకు నిబంధనలు తెచ్చింది. అందులో చేరిన విద్యాసంస్థల విద్యార్థుల క్రెడిట్లు వారి పేరున జమ అవుతాయి, గరిష్ఠంగా ఏడేళ్ళు చెల్లుతాయి. పెండ్లి వల్లనో పేదరికం వల్లనో చదువు ఆగిన ఆడపిల్ల ఆ గడువులో తిరిగి చేరితే, చదివినది వృథా కానక్కరలేదు. పిల్లల ఖాతా తెరిచారో లేదో కాలేజీలో విచారించండి.

కాబట్టి తలిదండ్రులారా, ఫలితాల రోజున “ఎన్ని మార్కులు?” అని అడుగుటతో సరిపెట్టకండి. “ఈ వారం ఎన్ని గంటలు పాఠం జరిగింది? నీవు ఎన్ని గంటలు కూర్చున్నావు?” అని ప్రతి శనివారము అడగండి. పాఠములు జరగడం లేదని తెలిస్తే నలుగురు తలిదండ్రులు కలిసి వెళ్ళి, ప్రిన్సిపాలుగారితో మర్యాదగా మాట్లాడండి. మెమోలోని అంకె వెనుక అరవై గంటలూ నిజముగా ఉన్నప్పుడే అది మన బిడ్డలకు అక్కరకు వచ్చును.